కొత్త సీసాలో పాత బ్లీచింగ్ వాసన: హైపోక్లోరస్ యాసిడ్ అసలు సంగతేమిటి

చెన్నైలో ఓఎంఆర్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో గానీ, పెరంబూరు, వడపళని తెలుగు ఇళ్లల్లో గానీ ఈ మధ్య ఒక స్ప్రే సీసా గురించి ప్రశ్నలు ఎక్కువయ్యాయి. మొటిమలకు అదే, పిల్లాడి మోకాలు దోక్కుపోతే అదే, ఫ్రిజ్ తుడవడానికీ కుక్కపిల్ల పాదాలకీ కూడా అదేనట. లేబుల్ మీద హైపోక్లోరస్ యాసిడ్ అని ఉంటుంది. యాసిడ్ అన్న మాట చూసి కొందరు సీసా ముట్టుకోరు, కిందే ఉన్న "మన ఒంట్లోనే తయారయ్యే సహజ పదార్థం" అన్న వాక్యం చదివి ఇంకొందరు పసిపిల్లల మొహం మీద కూడా కొట్టేస్తారు. ఇద్దరిదీ తొందరపాటే. ఇది కొత్తదేమీ కాదు, దీని వయసు దాదాపు రెండు వందల ఏళ్లు. కొళాయి తిప్పినప్పుడు అప్పుడప్పుడు ముక్కుకు తగిలే ఆ క్లోరిన్ వాసనకు బాగా దగ్గరి చుట్టం.

క్లుప్తంగా: క్లోరిన్ నీళ్లలో కలిసినప్పుడు పుట్టే బలహీనమైన ఆమ్లం ఇది. బ్లీచింగ్ పౌడర్‌లో, మున్సిపల్ నీళ్లలో, ఖరీదైన స్ప్రేలో క్రిములను చంపే సరుకు ఒక్కటే, తేడా అంతా పీహెచ్‌లో (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కన్నా తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం), మోతాదులో ఉంది. తక్కువ మోతాదులోనే గట్టిగా పనిచేస్తుంది. కానీ నిలవ ఉండదు, మురికి తగిలితే ఖర్చయిపోతుంది. కొనేవాళ్లు చూడాల్సినవి మూడు: పీహెచ్, పీపీఎం (పది లక్షల వంతుల్లో మందు ఎన్ని వంతులో చెప్పే లెక్క), తయారైన తేదీ.

పీహెచ్ దగ్గరే ఉంది మతలబు

క్లోరిన్ వాయువును నీళ్లలోకి పంపితే రెండు ఆమ్లాలు పుడతాయి. ఒకటి హైడ్రోక్లోరిక్, అంటే బాత్రూం యాసిడ్‌లో ఉండేదే. రెండోది హైపోక్లోరస్. ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్, ఒక క్లోరిన్ కలిసిన చిన్న అణువు కాబట్టి పొట్టిగా హెచ్‌ఓసీఎల్ అంటారు. పేరులో యాసిడ్ ఉంది గానీ వంటింట్లో వాడే వెనిగర్ కంటే కూడా ఇది చాలా బలహీనమైన ఆమ్లం. చర్మాన్ని కాల్చే బాపతు కాదు. దీని బలం ఆమ్లత్వంలో లేదు, ఎదుటి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు లాగేసుకునే గుణంలో ఉంది.

నీళ్లలో ఇది ఒకే రూపంలో కుదురుగా ఉండదు. పీహెచ్ పెరిగే కొద్దీ హైడ్రోజన్‌ను వదిలేసి హైపోక్లోరైట్ అయాన్‌గా (విద్యుదావేశం ఉన్న రూపంగా) మారుతుంది, తగ్గితే మళ్లీ హెచ్‌ఓసీఎల్ అవుతుంది. గది ఉష్ణోగ్రతలో పీహెచ్ 7.5 దగ్గర రెండూ సగం సగం. పీహెచ్ 6 కి వస్తే దాదాపు 97 శాతం హెచ్‌ఓసీఎల్ రూపంలోనే ఉంటుంది, 8 కి వెళ్తే పావు వంతు, 8.5 కి వెళ్తే పదో వంతు కన్నా తక్కువ. ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రావణం పీహెచ్ 11 కి పైనే ఉంటుంది కాబట్టి సీసాలో ఉన్నప్పుడు అందులో హెచ్‌ఓసీఎల్ ఉన్నా లేనట్టే. నీళ్లు కలిపి పలచన చేసి, పీహెచ్ కిందికి దిగినప్పుడే అది పుట్టుకొస్తుంది.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమంటే, క్రిములను చంపడంలో ఈ రెండు రూపాలకూ పోలికే లేదు. బాక్టీరియా పైపొర మీద రుణావేశం ఉంటుంది. హైపోక్లోరైట్‌కు కూడా రుణావేశమే కాబట్టి దగ్గరికి రానివ్వదు. హెచ్‌ఓసీఎల్‌కు ఏ ఆవేశమూ లేదు, పైగా చిన్న అణువు, సులువుగా లోపలికి చొరబడుతుంది. ఈ.కోలై లాంటి బాక్టీరియాను చంపడంలో హైపోక్లోరైట్ కన్నా ఇది 80 నుంచి 100 రెట్లు చురుకని సాధారణంగా చెబుతారు. వెయ్యి పీపీఎం బ్లీచ్ చేసే పనిని వంద, రెండు వందల పీపీఎం స్ప్రే చేస్తుందని కంపెనీలు చెప్పే మాటకు ఆధారం ఇదే. అందులో నిజం లేకపోలేదు, పీహెచ్ నిజంగా 5 నుంచి 6.5 మధ్య ఉన్నంత వరకూ. అలాగని ఇంకా తగ్గించుకుంటూ పోతే లాభం లేదు. నాలుగు కన్నా కిందికి దిగితే హెచ్‌ఓసీఎల్ తిరిగి క్లోరిన్ వాయువైపోతుంది, అది ఊపిరితిత్తులకు విషం.

లోపలికి వెళ్లాక ఇది ఒకే చోట దెబ్బ కొట్టదు. గంధకం ఉన్న అమైనో ఆమ్లాలను ముందు పట్టుకుంటుంది, ప్రోటీన్ల మడతలు విప్పేస్తుంది, ఎంజైములు ఆగిపోతాయి, శక్తి తయారీ ఆగిపోతుంది. యాంటీబయాటిక్ ఒక తాళంలో పట్టే తాళంచెవి అయితే ఇది తలుపునే పగలగొట్టే సమ్మెట. అందుకే దీనికి నిరోధకత తెచ్చుకోవడం బాక్టీరియాకు కష్టం. అయితే అవి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బ్లీచ్ తగలగానే మేల్కొని, విప్పుకుపోతున్న ప్రోటీన్లు ముద్ద కట్టకుండా కాపాడే హెచ్‌ఎస్‌పీ33 అనే ప్రోటీన్ ఈ.కోలైలో ఉందని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో చూపించారు.

చీము పచ్చగా ఎందుకుంటుంది

"మన ఒంట్లోనే తయారవుతుంది" అన్న ప్రచార వాక్యం అబద్ధం కాదు. రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు బాక్టీరియాను మింగాక, ఆ చిన్న సంచిలోకి హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతాయి. అక్కడ మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ పెరాక్సైడ్‌నూ, ఒంట్లోని ఉప్పులో ఉండే క్లోరైడ్‌నూ కలిపి అప్పటికప్పుడు హెచ్‌ఓసీఎల్ తయారుచేస్తుంది. ఈ ఎంజైమ్ ఆకుపచ్చ రంగులో ఉంటుంది. పుండులో చీముకు, జలుబు ముదిరినప్పుడు చీమిడికి వచ్చే ఆ పచ్చదనంలో దీని పాత్ర ఉంది.

ఒంట్లో పుడుతుంది కాబట్టి హాని లేదు అనడం మాత్రం తప్పు వాదన. జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ కూడా ఒంట్లోనే పుడుతుంది, దాన్ని ఎవరూ కంట్లో వేసుకోరు. తెల్లకణం హెచ్‌ఓసీఎల్‌ను మూసిన సంచిలో, అవసరమైనంతే తయారుచేస్తుంది. అది బయటికి కారి సొంత కణజాలానికి తగిలితే నష్టమే. ఎడతెగని వాపు ఉన్న జబ్బుల్లో ఈ నష్టం మీద చాలా పరిశోధన జరిగింది.

వియన్నా ప్రసూతి వార్డు, యుద్ధపు పుండ్లు

1774లో స్వీడన్ రసాయనవేత్త షీలే క్లోరిన్‌ను తయారుచేశాడు. ఫ్రాన్స్‌లో బెర్తొలే అనే రసాయనవేత్త దాంతో బట్టలు తెల్లబరచవచ్చని చూపించాడు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నెంట్ పొడి రూపంలో బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి ఇదంతా బట్టల మిల్లుల వ్యవహారం. 1820లలో పారిస్‌లో లాబరాక్ అనే ఫార్మసిస్టు, జంతువుల పేగులు శుభ్రం చేసే కార్ఖానాల కంపు పోగొట్టడానికి క్లోరిన్ ద్రావణం వాడి, తర్వాత దాన్నే ఆసుపత్రులకూ శవాగారాలకూ సిఫారసు చేశాడు. కంపే రోగానికి కారణం అనుకునే రోజులవి, కారణం తప్పయినా మందు మాత్రం సరైనదే దొరికింది. అన్ని ద్రావణాల్లోనూ పనిచేస్తున్న అసలు పదార్థం హైపోక్లోరస్ యాసిడ్ అని 1834లో విడదీసి చెప్పినవాడు ఫ్రెంచ్ రసాయనవేత్త బలార్, అంతకు ఎనిమిదేళ్ల ముందు బ్రోమిన్‌ను కనిపెట్టింది కూడా ఆయనే.

1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు చేసిన పని ఈ చరిత్రలో అందరికీ తెలిసిన ఘట్టం. శవపరీక్ష గది నుంచి నేరుగా ప్రసూతి వార్డుకు వచ్చే వైద్య విద్యార్థుల చేతులను బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు జూన్ నాటికి 2 శాతం చుట్టూ వచ్చాయి. క్రిమి సిద్ధాంతం ఇంకా రాలేదు కాబట్టి ఎందుకు తగ్గాయో ఆయన ఒప్పించేలా చెప్పలేకపోయాడు. సబ్బుతో కడిగాక కూడా చేతులకు శవం వాసన పోవడం లేదని, క్లోరిన్ నీళ్లతో పోతోందని గమనించి ఎంచుకున్నాడు, అంతే.

తర్వాతి అడుగు తాగునీటిది. 1897లో ఇంగ్లండ్‌లోని మెయిడ్‌స్టన్‌లో టైఫాయిడ్ వ్యాపించినప్పుడు నీటి గొట్టాలను క్లోరిన్‌తో శుభ్రం చేశారు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీకి వెళ్లే నీళ్లలో జాన్ లీల్ అనే వైద్యుడు ఏకంగా రోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టాడు. నీళ్లలో విషం కలుపుతున్నారని గొడవ, కోర్టు కేసు. చివరికి కోర్టు ఆ పద్ధతిని సమర్థించింది, చూస్తుండగానే మిగతా ఊళ్లు అదే దారి పట్టాయి.

1915 మాత్రం ఈ రసాయనానికి విచిత్రమైన సంవత్సరం. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును ఆయుధంగా వదిలింది. అదే యుద్ధంలో, అదే ఏడాది, హెన్రీ డేకిన్ అనే రసాయనవేత్త చీము పట్టిన గాయాలకు మందు వెతుకుతూ రెండు వందలకు పైగా పదార్థాలు పరీక్షించి చివరికి క్లోరిన్ దగ్గరే ఆగాడు. సుమారు 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ (ద్రవ బ్లీచ్‌లో ఉండేదే), మంట పుట్టకుండా క్షారాన్ని తగ్గించి. సర్జన్ అలెక్సిస్ కారెల్ రబ్బరు గొట్టాలతో రెండేసి గంటలకోసారి దాన్ని గాయంలోకి పంపే పద్ధతి తయారుచేశాడు. ఒకసారి పోసి వదిలేస్తే చీము తగిలి మందు నిమిషాల్లో ఖర్చయిపోతుందని, అందుకే పదేపదే పోయాలని వాళ్లిద్దరికీ తెలుసు. ఆక్విటానియా అనే ఆసుపత్రి ఓడలో అయితే డేకిన్ సముద్రపు నీళ్లకే కరెంటు పెట్టి క్రిమిసంహారిణి తయారుచేయించాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ వైరుతో అమ్మే ప్లాస్టిక్ జగ్గు కూడా సూత్రంలో ఇదే పని చేస్తుంది.

అదే ఏడాది ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్లు బ్లీచింగ్ పౌడర్, బోరిక్ యాసిడ్ చెరో పన్నెండున్నర గ్రాములు లీటరు నీళ్లలో కలిపి యూసోల్ అనే ద్రావణం తెచ్చారు. బోరిక్ యాసిడ్ పీహెచ్‌ను కిందికి దింపుతుంది కాబట్టి ఇందులో హైపోక్లోరస్ యాసిడ్ గణనీయంగా ఉంటుంది. మన సర్కారీ ఆసుపత్రుల సర్జరీ వార్డుల్లో నర్సుల నోట ఇప్పటికీ వినిపించే "యూసోల్ డ్రెస్సింగ్" ఇదే. షుగర్ పుండ్లకు, కుళ్లిన కండ ఊడిరావడానికి వాడతారు. బ్రిటన్‌లో 1980ల నుంచి దీని మీద పెద్ద వివాదం నడిచింది. చచ్చిన కండతో పాటు కొత్తగా పుట్టే లేత కండనూ దెబ్బ తీస్తుందని అక్కడ చాలా చోట్ల మానేశారు.

మరుగున పడి, మళ్లీ వచ్చి

అంత పనికొచ్చే మందు యాభై ఏళ్లు ఎందుకు వెనక్కిపోయింది? మొదటి కారణం యాంటీబయాటిక్స్. 1940లలో పెన్సిలిన్ వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన డైరెక్టరుగా ఉన్న లెడర్లీ సంస్థ నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటిది. ఒక మాత్రతో, ఒక ఇంజెక్షన్‌తో పోయే చీముకు రెండు గంటలకోసారి గాయం కడిగే ఓపిక ఎవరికుంటుంది!

రెండో కారణం ఈ పదార్థం స్వభావమే. హెచ్‌ఓసీఎల్ సీసాలో నిలవ ఉండదు. వెలుతురు తగిలితే ఆక్సిజన్, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌గా విడిపోతుంది, వేడికి ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. సోడియం హైపోక్లోరైట్ అయితే ఎక్కువ పీహెచ్‌లో నెలల తరబడి ఉంటుంది, డబ్బాల్లో నింపి లారీలకెత్తవచ్చు. వ్యాపారం దానివైపే మొగ్గింది. చురుకైన రూపం ఓడిపోయింది, నిలవుండే రూపం గెలిచింది.

తిరిగి రావడానికి కారణం ఎక్కడికక్కడ తయారుచేసుకునే యంత్రాలు. ఉప్పునీళ్లలో కరెంటు పంపితే ధనధ్రువం దగ్గర క్లోరిన్, రుణధ్రువం దగ్గర హైడ్రోజన్ బుడగలు, సోడియం హైడ్రాక్సైడ్ వస్తాయి. మధ్యలో పొర అడ్డుపెట్టి రెండు వైపులనూ వేరుచేస్తే ధనధ్రువం వైపు నుంచి ఆమ్లగుణం ఉన్న హెచ్‌ఓసీఎల్ నీళ్లు దొరుకుతాయి. 1970లలో రష్యాలో, తర్వాత జపాన్‌లో దీని మీద చాలా పని జరిగింది. జపాన్ 2002లో హైపోక్లోరస్ నీళ్లను ఆహార పరిశ్రమలో శుభ్రతకు వాడే సంకలితంగా గుర్తించింది.

కోవిడ్ వచ్చాక శానిటైజర్ కరువులో దీనికి హఠాత్తుగా గిరాకీ పెరిగింది. అమెరికా పర్యావరణ సంస్థ కరోనా మీద పనిచేసే క్రిమిసంహారిణుల జాబితాలో దీన్నీ చేర్చింది. జపాన్ ప్రభుత్వ సంస్థ ఒకటి 2020 జూన్‌లో పరీక్షలు చేసి ఇచ్చిన సలహా ఎక్కువ పనికొచ్చేది: ముందు మురికి తుడవాలి, తర్వాత కనీసం 80 పీపీఎం ద్రావణంతో ఉపరితలం బాగా తడిసేలా వాడాలి, ధారగా పోస్తూ కడిగేటప్పుడైతే 35 పీపీఎం సరిపోతుంది. ఆల్కహాల్ లాగా రెండు చుక్కలు రాస్తే చాలదని దీని అర్థం.

అదే కాలంలో మన దగ్గర జరిగింది వేరు. తిరుప్పూరులో మార్కెట్ ముందు టన్నెల్ కట్టి మనుషుల మీద హైపోక్లోరైట్ జల్లారు, బరేలీలో వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి పిచికారీ చేశారు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ, మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనుషుల మీద ఇలా జల్లవద్దని స్పష్టంగా చెప్పాయి. ఊపిరితో లోపలికెళ్లిన వైరస్‌ను చొక్కా మీద పడిన మందు ఏం చేయగలదు? కళ్లు మండటం, ఉబ్బసం రేగడం తప్ప.

చెన్నై కొళాయిలో ఇది రోజూ వస్తూనే ఉంది

పూండి, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువుల నీళ్లయినా, కండలేరు నుంచి వచ్చే కృష్ణా నీళ్లయినా, నెమ్మేలి దగ్గర సముద్రం నుంచి తీసిన నీళ్లయినా ఇంటికి చేరేలోగా క్లోరిన్ కలుస్తుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మిగలడం అన్నది ఇక్కడ అసలు మాట. శుద్ధి కేంద్రం దగ్గర ఎంత వేశారన్నది కాదు, పగిలిన గొట్టంలో మురుగు కలిస్తే దాన్ని చంపడానికి చివరిదాకా ఏమైనా ఉందా అన్నదే లెక్క.

దాన్ని చూసే పద్ధతి చాలా తేలిక. నీటి విభాగం మనిషి వీధి కొళాయి నీళ్లు చిన్న గాజు గొట్టంలో పట్టి, ఆర్థోటోలిడిన్ అనే రసాయనం రెండు మూడు చుక్కలు వేసి, వచ్చిన పసుపు రంగును క్లోరోస్కోప్ డబ్బాలోని రంగులతో పోల్చుతాడు. రంగు రాకపోతే క్లోరిన్ లేదు. గులాబీ రంగు చూపించే డీపీడీ మాత్రలు ఇంకా నమ్మకమైనవి. రంగు చేపలకు పేరుపడ్డ కొళత్తూరు దుకాణాల్లో కూడా ఈ సంగతి బాగా తెలుసు, కొళాయి నీళ్లు నేరుగా తొట్టెలో పోస్తే క్లోరిన్‌కు చేపల మొప్పలు దెబ్బతిని చస్తాయి కాబట్టి థయోసల్ఫేట్ అనే రసాయనం చుక్కలు వేసి దాన్ని విరగ్గొట్టాకే చేపను వదులుతారు.

ట్యాంకర్ నీళ్లు, సంపు విషయానికొస్తే సాధారణంగా చెప్పే మోతాదు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్, తర్వాత గంట సేపు ఆగడం. పన్నెండు వేల లీటర్ల లారీకి 30 గ్రాములు. ఇక్కడ రెండు తిరకాసులున్నాయి. ఒకటి, కొత్త పౌడర్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది గానీ చెన్నై ఉక్కపోతలో మూత తెరిచిన సంచి నెలల్లోనే చప్పబడిపోతుంది. రెండు, బోరు నీళ్ల పీహెచ్ 8 దాటితే వేసిన క్లోరిన్‌లో పావు వంతు కూడా హెచ్‌ఓసీఎల్‌గా ఉండదు, ఆ గంట సరిపోదు.

2015 డిసెంబరు వరదల తర్వాతా, 2023లో మిచాంగ్ తుపాను తర్వాతా నీళ్లు దిగిన వీధుల్లో రోడ్డు అంచు వెంబడి ముగ్గు గీతలా తెల్లగా బ్లీచింగ్ పౌడర్ చల్లడం అందరూ చూసిందే. కంటికి ఊరట, క్రిములకు పెద్ద నష్టమేమీ లేదు. బురద, ఆకులు, మురుగు అన్నీ కలిసి ఆ క్లోరిన్‌ను క్షణాల్లో తినేస్తాయి. కాశిమేడులో చేపలు కోసిన బల్ల మీద రక్తం, పొలుసులు ఉండగానే స్ప్రే కొట్టినా అంతే, రక్తంలోని ప్రోటీన్లే మందును తినేసి బాక్టీరియా దాకా చేరనివ్వవు. ముందు నీళ్లతో, సబ్బుతో కడగాలి. అదే పౌడర్ నీళ్లు దిగిన సంపులో, కడిగి శుభ్రం చేశాక కొలిచి వేస్తే ఎంతో విలువైనది.

క్లోరిన్‌కు లొంగనివీ ఉన్నాయి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి గట్టి పెంకు కట్టుకుని తాగునీటి మోతాదు క్లోరిన్‌ను లెక్కచేయదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్లోరిన్ కలిపిన కొళాయి నీళ్ల వల్లే సుమారు నాలుగు లక్షల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. దానికి వడపోత గానీ, కాచడం గానీ మార్గం. ఇక చెరువు నీళ్లలోని కుళ్లిన ఆకుల పదార్థంతో క్లోరిన్ కలిస్తే ట్రైహాలోమీథేన్లు అనే రసాయనాలు పుడతాయని 1974లో నెదర్లాండ్స్‌లో రూక్ అనే శాస్త్రవేత్త చూపించాడు. దీర్ఘకాలంలో అవి మంచివి కావు కాబట్టి పరిమితులు పెట్టారు. అయినా కలరా, టైఫాయిడ్ ముప్పు ముందు అది చిన్నదని ప్రపంచమంతా క్లోరిన్‌ను కొనసాగిస్తోంది.

సీసా కొనాలా, జగ్గు కొనాలా

స్ప్రే సీసాల్లో సాధారణంగా వంద, రెండు వందల పీపీఎం ఉంటుంది, అంటే 0.01 నుంచి 0.02 శాతం. మంచి కంపెనీలు పీహెచ్ సరిగ్గా నిలబెట్టి, వెలుతురు చొరబడని సీసాలో నింపి గడువు తేదీ ఇస్తాయి. అదే సరుకు పారదర్శకంగా ఉండే సీసాలో, మే నెల ఎండలో డెలివరీ బైకు పెట్టెలో తిరిగి, కిటికీ పక్క అరలో నెల రోజులుంటే మిగిలేది పలచటి ఉప్పునీళ్లు కావచ్చు. హాని ఉండదు, పనీ ఉండదు. ఈత కొలనులకు వాడే క్లోరిన్ పరీక్ష స్ట్రిప్ ముంచితే అసలు మందు మిగిలిందో లేదో కొంతవరకు తెలుస్తుంది, కాకపోతే ఆ స్ట్రిప్పులు చాలావరకు పది, ఇరవై పీపీఎం దాకానే చూపిస్తాయి కాబట్టి సీసా నీళ్లను కొలిచి పలచన చేసి చూడాలి.

ఇంట్లో తయారీ జగ్గుల్లో ఎక్కువ వాటికి మధ్య పొర ఉండదు. అందువల్ల ధనధ్రువం దగ్గర పుట్టిన క్లోరిన్, రుణధ్రువం దగ్గర పుట్టిన క్షారంతో అక్కడికక్కడే కలిసిపోయి పీహెచ్ 8, 9 దగ్గర ఆగుతుంది. అంటే వచ్చేది పలచటి బ్లీచ్, ప్రకటనలో చెప్పిన హైపోక్లోరస్ నీళ్లు కాదు. కొలిచి కొద్దిగా వెనిగర్ కలపమని చెప్పే కంపెనీలు ఈ విషయం తెలిసే చెబుతున్నాయి. చెప్పని కంపెనీలు లేబుల్ మీద హెచ్‌ఓసీఎల్ అని రాసి వేరేది అమ్ముతున్నట్టే. చెన్నై బోరు నీళ్లు పోస్తే అందులో కరిగిన సున్నపు లవణాల వల్ల ధ్రువాల మీద తెల్లటి పెచ్చు కట్టి, నెలలోనే కరెంటు సరిగా పారదు. నీళ్లలోని బైకార్బొనేట్ పీహెచ్‌ను దిగనివ్వదు. ఆర్వో నీళ్లు, వేరే ఏమీ కలపని ఉప్పు వాడమనేది అందుకే. వెనిగర్ కొలవకుండా పోస్తే పీహెచ్ నాలుగు కిందికి జారి క్లోరిన్ వాయువు లేస్తుంది, ఘాటు తగలగానే ఆపేయాలి.

బల్ల తుడవడానికి అయితే ఇంత హంగామా అవసరం లేదు. 5 శాతం బ్లీచ్ ఒక వంతుకు 49 వంతుల నీళ్లు కలిపితే వెయ్యి పీపీఎం వస్తుంది, మామూలు ఉపరితలాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 0.1 శాతం అదే. ఖర్చు లెక్కలో స్ప్రే దీని దరిదాపుల్లోకి కూడా రాదు. స్ప్రేకి నిజమైన అనుకూలత వాసన తక్కువ కావడం, చేతులు మండకపోవడం, పసిపిల్లల బొమ్మల లాంటి వాటి మీద అవశేషం దాదాపుగా ఉప్పే కావడం. ఆల్కహాల్‌కు చావని నోరోవైరస్ (వాంతులు, విరేచనాలు తెచ్చేది), కొన్ని బాక్టీరియా స్పోర్ల (గట్టి పెంకులో నిద్రపోయే రూపాల) మీద కూడా తగిన మోతాదులో, తగినంత సేపు తడిగా ఉంచితే ఇది పనిచేస్తుంది.

చర్మం సంగతి కొంచెం వేరు. గాయం కడగడానికి, కనురెప్పల అంచులు శుభ్రం చేయడానికి హెచ్‌ఓసీఎల్ ద్రావణాలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతులున్నాయి, అవి కూడా ప్రధానంగా కడిగే ద్రావణాలుగానే. మొటిమలకు, ఎగ్జిమా దురదకు ఉపశమనం ఉందని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి, పెద్దవి తక్కువ. కాబట్టి మోకాలు దోక్కుపోతే కడగడానికి బాగానే ఉంటుంది, దొరక్కపోతే శుభ్రమైన కొళాయి నీళ్లు కూడా ఆ పని చేస్తాయి. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు మీద ఇంట్లో స్ప్రే కొట్టుకుంటూ రోజులు గడపడం మాత్రం ప్రమాదం. పైకి శుభ్రంగా కనబడుతూ లోపల ఎముక దాకా పాకే పుండ్లవి. ఇంట్లో జగ్గుతో చేసిన ద్రావణాన్ని కంటి దగ్గరికి అసలు తీసుకెళ్లకూడదు. గదిలో పొగలా వదిలే ఫాగర్లకూ అదే వర్తిస్తుంది, మనుషులున్న గదిలో గాలిలోకి జల్లడాన్ని జపాన్ అధికారులు కూడా సిఫారసు చేయలేదు.

బాత్రూంలో ఎదురు తిరిగే సమీకరణం

క్లోరిన్, నీళ్లు కలిస్తే హైపోక్లోరస్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు వస్తాయని పైన చెప్పిన చర్య వెనక్కి కూడా నడుస్తుంది. నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి, మరక పోలేదని దాని మీదే బాత్రూం యాసిడ్ పోస్తే జరిగేది ఇదే: హైపోక్లోరస్, హైడ్రోక్లోరిక్ కలిసి నీళ్లు, క్లోరిన్ వాయువు అవుతాయి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది కూడా హైడ్రోక్లోరిక్ యాసిడే. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్‌తో బ్లీచ్ కలిపితే క్లోరమిన్లు అనే వాయువులు వస్తాయి, అవీ ఊపిరాడనివ్వవు.

పనిమనిషికి రెండు డబ్బాలూ చేతికిచ్చి తలుపు వేసేసుకునే ఇళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. చిన్న కిటికీ, సగం పాడైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న ఫ్లాట్ బాత్రూంలో ఆ వాయువు తొందరగా పోదు. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది, కింద కూర్చుని రుద్దే మనిషి ముక్కు ఉండేదీ అక్కడే. దగ్గు, కళ్ల మంట మొదలవగానే అన్నీ అక్కడే వదిలేసి బయట గాలిలోకి వచ్చేయాలి. విరుగుడని సోడా, వెనిగర్ లాంటివేవీ దాని మీద పోయకూడదు. ఊపిరి బిగుసుకున్నట్టు ఉంటే తగ్గిపోతుందిలే అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వొచ్చు.